పాసమ్ కడుపులో పులిహోర

హామిల్టన్‌లో పశువైద్య సేవలందించే ఒక కంపెనీలో నేను సీనియర్ వెటర్నరీ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. దానికి ముందటి చలికాలంలో, జూన్ నెలలో, నాకు అప్పగించిన చివరి పెద్ద పని ఒక జింకల ఫారం. జూన్‌లో చలేమిటని మనవైపు చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. న్యూజిలాండ్‌లో అంతే. ఇక్కడ జింకలను మనం గేదెలను పెంచినట్టు పెంచుతారు. చలికాలంలో గడ్డి చాలదు కాబట్టి, స్తంభాల మీద నిలబెట్టిన తొట్లలో మొక్కజొన్న, బార్లీ పోస్తారు. ఆ తొట్లలోకి పాసమ్‌లు దిగుతున్నాయి. వాటిని ఆపడం నా పని.

పాసమ్ పిల్లి కంటే కాస్త పెద్దది. గుబురు తోక, గుండ్రని కళ్లు, చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. ఎప్పుడో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలితే దేశమంతా పాకింది. దానికి పశువుల క్షయ గనక ఉంటే, అది మూతి పెట్టిన చోట మూతి పెట్టే జింకకూ అంటుకోవచ్చు. మా ఆఫీసు అలమరలో ఒక అమెరికా పుస్తకం ఉండేది. జింకల తొట్ల దగ్గరికి రకూన్‌లు, అంటే రాత్రిళ్లు దాణా దొంగిలించే అక్కడి జంతువులు, రాకుండా ఏం చేయాలో అందులో బొమ్మలతో సహా ఉంటుంది. న్యూజిలాండ్‌లో రకూన్‌లు లేవు. అందుకని రకూన్ అన్న చోటల్లా పాసమ్ అని చదువుకుని పని కానిచ్చేవాళ్లం.

ఆ ఫారం మేనేజర్ శ్రీకాంత్. నల్లగొండ అబ్బాయి, హామిల్టన్‌కు చదువుకోవడానికి వచ్చి ఇక్కడే సెటిల్ అయ్యాడు. ఫారంలో నలుగురి ముందు నన్ను డాక్టర్ అనేవాడు, వంటింట్లోకి రాగానే ఆంటీ అనేవాడు. భార్య మౌనిక ఆసుపత్రిలో నర్సు. శ్రీకాంత్ తల్లి అనసూయమ్మ ఏడాది కిందటే వాళ్లతో ఉండడానికి వచ్చింది. పగలంతా ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. తోడుగా ఉన్నది మల్లి అనే ఆడజింక. తల్లిజింక వదిలేసిన ఆ పిల్లకు సీసాతో పాలు పట్టి ఆమే పెంచింది. మల్లి ఇంటి పక్క దడిలోనే ఉండేది, ఆమె గొంతు వింటే చాలు పరుగెత్తుకొచ్చేది.

మందకు క్షయ పరీక్ష కూడా అప్పుడే చేశాం. మెడ మీద చిన్న చోట బొచ్చు గొరిగి, చర్మంలోకి సూదిమందు ఇస్తాం. మూడో రోజున ఆ చోటు తడిమి చూస్తాం. వాపు ఉంటే ఆ జంతువును అనుమానించాలి. మంద మొత్తంలో వాపు కనబడింది ఒక్క మల్లికే. మట్టిలో ఉండే వేరే క్రిముల వల్ల కూడా ఒక్కోసారి వాపు రావచ్చు. అందుకే రక్తం తీసి ల్యాబ్‌కు పంపాం. ఫలితం వచ్చేదాకా మల్లిని విడిగా కట్టెయ్యాలి, ఫారం నుంచి ఒక్క జింక కూడా బయటికి పోకూడదు. రక్తంలోనూ క్షయ అని తేలితే మల్లిని కోతకు పంపక తప్పదు. ఈ సంగతి అనసూయమ్మకు తెలుసు.  పొద్దున్నే దడి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది.

ఈలోగా తొట్టి స్తంభాలకు నున్నటి రేకు చుట్టించాను. గోళ్లు జారితే పాసమ్ ఎక్కలేదు. పైకి వాలిన కొమ్మలు కొట్టించాను. పగలు తినేంత దాణానే పోయమన్నాను. అన్నీ పుస్తకం ప్రకారమే. అయినా ఇంటి పక్క దడి చుట్టూ కొత్త అడుగుజాడలు పడుతూనే ఉన్నాయి. చివరికి ఉచ్చులో ఒక పాసమ్ చిక్కింది. క్షయ ఉంటే గ్రంథుల్లో చీము గడ్డలు కనబడతాయి. అందుకని మా టెక్నీషియన్‌తో కలిసి కోసి చూశాను. గడ్డలేమీ లేవు. కడుపు విప్పితే పసుపుపచ్చని మెతుకులు బయటపడ్డాయి. ఇదేదో అడవి గింజై ఉంటుందన్నాడు టెక్నీషియన్, పాపం న్యూజిలాండ్ కుర్రాడు. ఆవాలు, పల్లీ ముక్కలు, నలిగిన కరివేపాకు. పులిహోరను గుర్తుపట్టడానికి నాకు ఏ ల్యాబూ అక్కర్లేదు. పకపకా నవ్వాను. ఆ మరుక్షణమే నవ్వు ఆగిపోయింది. ఆ చుట్టుపక్కల పులిహోర చేసే ఇల్లు ఒక్కటే.

శ్రీకాంత్‌ను పక్కకు పిలిచి చెప్పాను. అతని మొహం మాడిపోయింది.

"అమ్మకు చెప్పకుండ్రి ఆంటీ. మల్లికి ఏమన్న అయితే, నా వల్లనే అయిందని అన్నం ముట్టదు. నేనే ఏదో ఒకటి చెప్పి బంద్ చేయిస్త."

కొడుకు బాధ నాకు అర్థమైంది. అయినా వినలేదు. ఎందుకు మానెయ్యాలో తెలియని మనిషి ఎన్నాళ్లు మానేస్తుంది? వంటింట్లో ఆమె ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. వాపుకు కారణం ఇదేనని ఎవరూ చెప్పలేరని కూడా చెప్పాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ విన్నది.

"మిగిలింది చెత్తల పారేయబుద్ధి గాదు డాక్టరమ్మా. పొద్దుగూకంగ ఒక ముద్ద తీసి క్యాబేజీ ఆకుల పెట్టి, మల్లి దడి గేటు స్తంభం మీద పెడుతుంటి. పొద్దున చూస్తే ఆకుతో సహా ఖాళీ. గా జంతువేందో నాకు తెల్వది. నేను వండింది ఈ దేశంల ఇంత ఇష్టంగ తినెటిది అదొక్కటేనాయె."

గుమ్మంలో నిలబడి వింటున్న శ్రీకాంత్ తల వంచుకున్నాడు. రోజూ అతను డబ్బాలో పట్టుకెళ్లేది శాండ్‌విచ్. నాకు కళ్లు చెమర్చాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అది దాచుకోవడం అలవాటు, ఆ రోజు దాచుకోలేదు.

ముద్ద పెట్టడం మానక్కర్లేదన్నాను. పాసమ్ పొద్దుగూకాక తిరిగే జంతువు. ముద్ద పొద్దున పెడితే పిట్టలు తింటాయి. మిగిలింది చీకటి పడకముందే తీసెయ్యాలి.

మర్నాడు సాయంత్రం నేను వెళ్లేసరికి ఆమె చీపురు పట్టుకుని తొట్ల కింద ఊడుస్తోంది. జింకలు తినేటప్పుడు కింద రాలే గింజలను మేమెవ్వరం పట్టించుకోలేదు. ముద్ద ఒక్కటే తీసేస్తే ఏం లాభం, కింద ఇంత విందు ఉండగా, అన్నది. శ్రీకాంత్ కూడా ఒక చీపురు అందుకున్నాడు. ఆ వారంలోనే దడి చుట్టూ జాడలు ఆగిపోయాయి.

ల్యాబ్ ఫలితం ఫోన్‌లో వచ్చినప్పుడు నేను వాళ్ల గేటు దగ్గరే ఉన్నాను. మల్లికి క్షయ లేదు. ఆ మాట చెప్పగానే అనసూయమ్మ తాడు విప్పింది. మల్లి మెడకు మొహం ఆనించి చాలాసేపు నిలబడింది. వెళ్లేటప్పుడు నా చేతిలో ఒక డబ్బా పెట్టింది. మూత తీయకుండానే వాసన తెలిసిపోయింది.

"ఇగ నువ్వే తినాలె డాక్టరమ్మా. మిగిలితే మల్ల గా జంతువుకే పోతది."

రేకు పాసమ్‌ను స్తంభం ఎక్కనివ్వదు, అంతవరకే దాని పని. ఫారంలో ఎవరి చేయి ఎవరికి తిండి పెడుతోందో ముందు తెలుసుకోవాలి, ఆ చేతికి నిజం చెప్పాలి. మా పుస్తకంలో ఈ ముక్క లేదు. నా తర్వాత వచ్చిన ఆఫీసరుకు పని అప్పగించేటప్పుడు నోటితోనే చెప్పాను. ఆ డబ్బాలోది కారు ఇంటికి చేరేలోగా నేనే ఖాళీ చేశాను.