సంపు నిండింది

సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఏ సమస్యనైనా కంప్యూటర్‌లో గడులు గీసి అంకెలు పోస్తే తేలిపోతుందని నాకో పిచ్చి నమ్మకం. సీతాఫల్‌మండిలో మా గల్లీకి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. చివరింటి పెద్దమ్మకు మాత్రం రెండు బిందెలు నిండేసరికి నల్లా ఆగిపోయేది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ పక్కవీధి బోరింగు నుంచి మోసుకొస్తుంటే నాకు ఒళ్లు మండేది. వాల్వ్ తిప్పే మనిషి, చెయ్యి తడిపిన వీధులకు మా నీళ్లు మళ్లిస్తున్నాడని నా అనుమానం.

సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి నీళ్ల ఆఫీసు రిజిస్టర్ నకలు తెచ్చాను. మా గల్లీకి గంటన్నర ఇస్తున్నట్టు రాసుకున్నారు. పాలప్యాకెట్ల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే నీళ్లు ఎప్పుడొచ్చాయో, ఎప్పుడాగాయో, ఎన్ని బిందెలు నిండాయో కూడా రాయమని ఇంటింటికీ చెప్పాను. రెండు నెలలు రాశారు. అన్నీ తెచ్చి గల్లీలో ఇళ్లున్న వరుసలోనే టైపు చేస్తే, నీళ్లు ఏ రోజూ గంట దాటలేదు. దొంగ దొరికాడు!

పెద్దమ్మను వెంటబెట్టుకుని వెళ్లి కాగితాలు ఇంజనీరు ముందు పెట్టాను. ఆయన కాదనలేదు. వాల్వ్ మనిషిని పిలిచి చీవాట్లు పెట్టి, ఇకనుంచి టైము రాశాక గల్లీవాళ్లతో సంతకం పెట్టించుకోమన్నాడు. గెలిచానని లేవబోతుంటే ఆయన వేలు కాగితం మీద కిందికి జారింది.

"గీ ఇంటిదాంక పది, పన్నెండు బిందెలున్నయ్. తర్వాత ఏందీ గిట్ల, నాలుగు, మూడు, రెండు? నడుమ ఈ 'సంపు నిండింది' ఎవరిది సార్?"

మాదే. ఇల్లు కట్టినప్పుడే నాన్న నల్లాకు మోటారు బిగించాడు. వీధి పైపులో నీళ్లన్నీ లాగి మా సంపులో పోసేది. ఆ మాట ప్రతి నీళ్ల రోజు లెక్కలోనూ నా చేత్తోనే టైపు చేశాను, ఒక్కసారీ కంటికి ఆనలేదు. గురివింద గింజకు తన నలుపు తెలియదంటే ఇదే. కాగితాలు మడిచి లేచాను.

బయటికొచ్చాక "మీకు తెలుసా పెద్దమ్మా?" అన్నాను.

"తెల్వకేం బిడ్డా. మీ మోటర్ సప్పుడైతే మా నల్లా ఆగుతది. నా కోసం గింత పరేషాన్ అయితున్నవ్, నీకెట్ల చెప్పాలె?"

ఇంటికెళ్లి మోటారు విప్పేస్తుంటే అమ్మ కొట్టినంత పని చేసింది. "ఏటిరా ఇది? ఊరంతా మోటార్లు ఎట్టుకున్నారు, నీకొక్కడికే వచ్చిందా నీతి?"

తర్వాతి నీళ్ల రోజు మా సంపు సగం కూడా నిండలేదు. పెద్దమ్మ క్యాలెండర్ చూద్దామని వెళ్లాను. గడిలో ఏడు అని రాసి ఉంది. నన్ను చూడగానే ఆవిడ మెల్లగా లేచి, నిండు బిందె నా వైపు జరిపింది.

"మీకు తక్కువైనట్టున్నయ్. అమ్మకు తీస్కపో బిడ్డా."