బురుజు మీది రాణికి కోడలు కనపడిందా?

పెనుకొండ కోటను ఒంటిచేత్తో పట్టిన ఆడమనిషి ఈ భూమండలంలో ఒక్కతే ఉంది. ఆమె ధర్మవరంలో పట్టుచీరలు నేసే రామక్క. వెనకటి రాజులకు ఏనుగులూ ఫిరంగులూ కావలసి వచ్చాయి. రామక్కకు బొరుగులతో చేసిన ఒక ఉగ్గాని డబ్బా, ఒక నొప్పుల నూనె సీసా సరిపోయాయి. ఆమె కొండెక్కుతుంటే బండరాళ్లు ఒత్తిగిలి దారిచ్చాయట. పైనుంచి ఆమె వేసిన ఒక్క కేకకు హిందూపురం వైపు పోయే రైలు పట్టాల మీదే బిగుసుకుపోయిందట. రైలు ఆగిన మాట నిజం. సిగ్నలు పడక ఆగిందని రైల్వేవాళ్లంటారు. వాళ్లకేం తెలుసు?

ఇంత దండయాత్రకూ కారణం ఒక పుస్తకం. ఒకటి కాదు, ఆరు.

రామక్కకు మాటలు రాకముందే మగ్గం వచ్చిందని మామగారు వేళాకోళం చేసేవాడు. అంత చిన్నప్పుడే మగ్గం గుంటలో కాళ్లు పెట్టింది. చదువు మాత్రం సంతకం దాకా నడిచి అక్కడే కూలబడింది. కొడుకు గిరి బైకులు బాగుచేస్తాడు. కోడలు ప్రశాంతి హిందూపురం పిల్ల. డిగ్రీ చదివింది. కాపురానికొచ్చేటప్పుడు పెట్టెలో చీరలకంటే పుస్తకాలే ఎక్కువ తెచ్చింది. కొత్తలో అత్తాకోడళ్ల మధ్య మాటలు "ఉప్పయిపోయింది", "నీళ్లొచ్చినాయి" దాటేవి కావు. ఒక మధ్యాహ్నం ప్రశాంతి పట్టుదారం కండెలు చుట్టడం ఆపి, ఒళ్లో పుస్తకం పెట్టుకుని ముసిముసిగా నవ్వుతుంటే రామక్కకు ఒళ్లు మండింది.

"ఏమ్మే, ఒక్కదానివే నవ్వుకుంటాండావు. మాకూ చెప్తే నీ నోరు అరిగిపోతాదా?"

"ఇది పిల్లకాయల కత అత్తా. నీకు నచ్చదు."

"నచ్చేది నచ్చంది నేను చెప్తాలే. చదువు."

అట్లా మొదలైంది 'ఇనుపగద్దలు'. గద్దలమీద ఎగిరే సైనికులు, అలిగి నీళ్లు దాచుకునే బావులు, తెల్లారేసరికి చోటు మార్చుకునే గోడలు ఉన్న ఒక కోటనగరం కథ. రాసినాయన పెనుకొండను చూసే ఆ నగరాన్ని అల్లాడని చదివినవాళ్ల గట్టి నమ్మకం. అందుకే ఆదివారమొస్తే బెంగుళూరు పిల్లలు అట్టకత్తులు పట్టుకుని పెనుకొండలో దిగుతారు. గగన్‌మహల్ ముందు యుద్ధాలు చేసి, ఫొటోలు తీసుకుని, ఆకలేసి దోసెలు తిని పోతారు.

మగ్గం చప్పుడు మీద వినపడాలంటే అరిచి చదవాలి. ప్రశాంతి అరిచి చదివింది, వీధి వీధంతా విన్నది. మగ్గం ఆగిందంటే కథలో ఎవరో చావబోతున్నారని అర్థం. పక్కింటి ప్రమీలమ్మ పొయ్యిమీద పప్పు వదిలేసి పరుగెత్తుకొచ్చేది. ముసలి గద్ద చనిపోయిన రోజు ఆ వీధిలో ఏ ఇంట్లోనూ పప్పు మాడకుండా లేదని చెప్పుకుంటారు.

ఆరో పుస్తకం చివరికొచ్చేసరికి తంటా వచ్చిపడింది. శత్రువులు తరుముతుంటే చిన్నరాణి కోట వాకిలి దాకా వచ్చి తలుపు బాదుతుంది. పైన బురుజు మీద ఆమె అత్త, పెద్దరాణి, నిలబడి ఉంటుంది. తలుపు తెరుచుకోదు. పెద్దరాణి కోడల్ని చూసిందో లేదో రాసినాయన రాయలేదు.

"చూసుండదు పాపం," అంది రామక్క. "అంత ఎత్తునుంచి యాడ కనపడతాది?"

"చూసింది అత్తా. చూసే తెరవలేదు."

"నువ్వు పోయి చూసొచ్చినావా?"

"తలుపు బయట నిలబడినోళ్లకు తెలుస్తాది."

మగ్గం ఆగింది. ప్రమీలమ్మ పరుగెత్తుకొచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, వచ్చినదారినే వెనక్కి పోయింది.

ఆ మాట చిన్నరాణిది కాదని రామక్కకు తెలుసు. పోయిన వానాకాలం ప్రశాంతి పుట్టింటికి పోతానంటే అత్తాకోడళ్లకు మాటా మాటా వచ్చింది. పోయి, మర్నాడు రైలు దిగి తడుస్తూ వచ్చి తలుపు కొట్టింది. ఫోను చార్జింగు లేక చచ్చి ఉంది. గిరి షాపులో ఉన్నాడు. లోపల మగ్గం ఆడుతూనే ఉంది, తలుపు మాత్రం తీయలేదు. చివరికి ప్రమీలమ్మ పెరటిదారిన పోయి చెబితే తీసింది. మగ్గం చప్పుడుకు వినపడలేదని రామక్క అంది. ప్రశాంతి సరేనంది. ఆ సరే వట్టిదని ఇప్పుడు తేలింది.

చివరి నాలుగు పేజీలు చదవకుండానే పుస్తకం పెట్టెలోకి పోయింది. మళ్లీ ఉప్పూ నీళ్ల మాటలే. మగ్గం చప్పుడు వట్టి చప్పుడైంది. వాననీళ్లలో కోడల్ని నిలబెట్టిన మనిషిననే ముద్ర తనమీద పడింది. ఆ ముద్ర వేసిన పిల్లే పొద్దున్నే కాఫీ ఇస్తోంది. ఆ కాఫీ చల్లారిపోయేదాకా రామక్క ముట్టడంలేదు. నిజంగానే వినపడలేదని ఒట్టేద్దామంటే, దోషులే ముందు ఒట్టేస్తారని ఆమే ఎన్నోసార్లు అన్నది.

ఒక ఆదివారం పొద్దున జడ బిగించి లేచింది.

"పెనుకొండ ఏమన్నా డిల్లీలో ఉండాదా? పద పోదాం. నువ్వు వాకిట్లో నిలబడు. నేను బురుజెక్కి చూస్తా. కనపడతావో లేదో తేలిపోతాది."

ప్రశాంతికి నవ్వొచ్చింది, దాచుకుంది. "నీ మోకాళ్లు ఏమంటాయో అడిగినావా?"

"వాటికేం, నేను చెప్పినట్టు ఇంటాయి."

ప్యాసింజరులో పెనుకొండ చేరి, ఆటోలో కోట దగ్గర దిగారు. అట్టకిరీటం పెట్టుకున్న ఒక బెంగుళూరు అమ్మాయి రామక్కను చూసి కేరింత కొట్టింది.

"ఆంటీ! పెద్దరాణి వేషమా? సూపర్!"

"వేషం కాదు పాపా. నేను నిజం అత్తనే."

టమాటా రంగు చీరలో ప్రశాంతి కింద వాకిలి దగ్గర నిలబడింది. రామక్క ఎక్కింది. మోకాళ్లు మాట వినలేదు. రెండు అడుగులకు ఒకసారి కూర్చుంది, కొండను తిట్టింది, కొండమీద కోట కట్టిన రాజులను తిట్టింది, తలుపు సంగతి తేల్చకుండా పోయిన రాసినాయన్ను వంశంతో సహా తిట్టింది. బురుజు చేరి, గోడ పట్టుకుని కిందికి వంగింది.

కోడలు కనపడింది.

మసకగా కూడా కాదు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకోవడం, బరువు ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి మార్చుకోవడం, అంతా కనపడింది. వాన రోజు కూడా ఇంటి గడప బయట ఇట్లాగే నిలబడి ఉంటుంది. రామక్క చాలాసేపు అక్కడే ఉంది. 'కనపడలేదు' అంటే చాలు. ఆ పిల్ల పైకెక్కి సరిచూడదు. పెద్దరాణికి కనపడలేదు, రామక్కకు వినపడలేదు. రెండు కేసులూ ఒక్క మాటతో కొట్టుబడిపోతాయి.

దిగేటప్పుడు ఆమె ఎవర్నీ తిట్టలేదు.

"ఏం అత్తా?"

"కనపడతాది. నువ్వు చెప్పు తీసి రాయి దులుపుకునేది కూడా కనపడింది. మీ పెద్దరాణి దొంగముండ. చూసే తెరవలేదు."

ప్రశాంతి గెలిచిన ముఖం పెట్టలేదు. అత్త వైపే చూస్తూ నిలబడింది.

"కనపడలేదని చెప్పినా నాకు తెలిసేది కాదు కదా."

"యాడ తెలుస్తాది."

"మరి ఆ వాన పొద్దు..."

"వినపల్లేదు."

ప్రశాంతి రెండోసారి అడగలేదు. సంచిలోంచి ఉగ్గాని డబ్బా తీసింది, దానికిందనుంచి ఆరో పుస్తకం తీసింది. అది సంచిలోకి ఎప్పుడెక్కిందో రామక్కకు తెలియదు. వాకిలి నీడలో కూర్చుని మిగిలిన పేజీలు మొదలుపెట్టింది. అక్కడ మగ్గం లేదు. అయినా అలవాటు కొద్దీ అరిచే చదివింది. అట్టకత్తులవాళ్లంతా యుద్ధం ఆపి చుట్టూ చేరారు.

ఇప్పుడు ధర్మవరంలో కథ పెరిగి పెద్దదయింది. బురుజు మీంచి రామక్క "కోడలా, నిన్ను చూసినానే!" అని గర్జించిందనీ, ఇద్దరూ కావిలించుకుని ఏడిస్తే ఎండిన చెరువు పారిందనీ చెప్తారు. ఎవరైనా వచ్చి నిజమేనా అని అడిగితే, రామక్క మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడె ఆపదు, తల ఎత్తదు.

"గర్జనా లేదు, ఏడుపూ లేదు. ఆ పెద్దరాణమ్మకు కనపడింది. నాకు వినపల్లేదు. ఉన్నదున్నట్టు చెప్పి, రైలెక్కి ఇంటికొచ్చినాం."