గాలాడని గుడ్డ

చిత్తూరు బస్టాండులో ఆటో ఎక్కి "మిలిట్రీ ఆసుపత్రి" అంటే చాలు, మళ్లీ దారి చెప్పనక్కర్లేదు. తీరా దిగితే మందుకైనా ఒక్క సిపాయి కనబడడు. దొరల కాలంలో, పెద్ద యుద్ధం రోజుల్లో గాయపడినవాళ్ల కోసం వేసిన పెంకుల షెడ్లవి. యుద్ధం ముగిశాక పటాలం వెళ్లిపోయింది, మంచాలు వేలం వేశారు, కొన్నాళ్లు క్షయరోగులను ఉంచారు. ఇప్పుడు మామూలు సర్కారు ఆసుపత్రి. పేరొక్కటే మిగిలింది.

పోయిన ఎండాకాలం ఆ వరండాలో కూర్చోలేక, నిలబడలేక, ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉన్నాను. లోపల డాక్టరమ్మ మా నాయన కుడికాలు చూస్తోంది. చక్కెర జబ్బు, వేళ్ల సందున పుండు. కాలు ఉంటుందో పోతుందో ఆ పూట తేలాలి. మాది నగరిలో నేతపని ఇల్లు. వీధి వీధంతా పవర్‌లూమ్‌లకు మారినా నాయన కాళ్లతో తొక్కే గుంటమగ్గం వదల్లేదు. కాలు లేకపోతే మగ్గం లేదు. మగ్గం లేని నాయనను ఊహించుకోవడం నా వల్ల కావడం లేదు.

ఈ ఆసుపత్రికీ మా ఇంటికీ పాత తగాదా ఒకటుంది. యుద్ధకాలంలో మా తాత దీనికి గాయాలకు కట్టే గుడ్డ నేశాడు. పోగుకూ పోగుకూ మధ్య సందు వదిలి పల్చగా నేయమన్నారట. అలా నేయడానికి తాతకు మనసు రాలేదు. పంచెలా దిట్టంగా నేసి పంపాడు. గాలాడదని తానులన్నీ తిప్పి పంపేశారు. తప్పంతా గుడ్డ విలువ తెలియని దొరలదేనని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం.

నర్సమ్మ బయటికొచ్చింది. చేతిలో చీము అంటిన గుడ్డ.

"ఈ కట్టు ఎవరు కట్టినారు? పుండంతా ఉడికిపోయి ఉండాది!"

పసుపుబారిన ఆ దిట్టమైన నేత చూడగానే పోల్చుకున్నాను. పెట్టె అడుగున దాచిన, తాత నేసిన ఆ తానులోని ముక్క. నాకు ఒళ్లు మండిపోయింది. గబగబా లోపలికి పోయాను.

"మందులంగడిలో నేను కొనుక్కొచ్చిన గుడ్డ యాడ పెట్టినావు నాయనా?"

"అదీ ఒక గుడ్డేనా మే? దోమతెర మాదిరి ఉండాది."

"అయితే పాతగుడ్డ కట్టుకుంటావా? బుద్ధి ఉండాల్సిన పన్లేదా?"

ఆయన నా వైపు చూడలేదు.

"మా నాయన గాయాలకు కట్టేదానికే నేసినాడు దాన్ని. ఒక్క పుండుకన్నా కట్టాల గదా."

గుడ్డకు గాలి ఎందుకు ఆడాలో డాక్టరమ్మ ఓపికగా చెప్పబోయింది. నేతగాడికి గుడ్డ గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. నాయన తల తిప్పుకున్నాడు. ఆమె ఇక దాచలేదు.

"రెండు వేళ్లు తీసేయాలి పెద్దాయనా, ఈరోజే. ఆలస్యం చేస్తే పాదం కూడా దక్కదు."

"మగ్గం తొక్కచ్చునా?"

"పుండు మానితే తొక్కచ్చు. ఆ గుడ్డ మాత్రం ఇంక కట్టకూడదు."

నాయన కాలి వైపు చూసుకున్నాడు. నాకు మళ్లీ అరవాలనిపించింది.

"తీసేయమ్మా," అన్నాడు చివరికి. "నువ్వు సెప్పిన గుడ్డే కట్టు. మా నాయన నేసింది తప్పని మాత్రం అనొద్దు."

డాక్టరమ్మకు ఏమీ అర్థం కాక నా ముఖం చూసింది. నా కోపం కోపంగానే ఉంది, ఏడుపు మాత్రం ఆగలేదు.