పక్షి రాని శుక్రవారాలు

నిన్న మధ్యాహ్నం ఓవెన్ తలుపు తీయగానే వాసన వీధిలోకి పాకింది. వెన్న పిండి ఎర్రబడే వాసన, దాల్చినచెక్క పొడిలో పుల్లటి యాపిల్ ముక్కలు ఉడికే వాసన. రాయచోటిలో మా వీధికి ఇది కొత్త కాదు. అయినా పక్కింటి సుబ్బమ్మక్క గోడ మీదినుంచి తల పెట్టింది. "ఏందిమ్మే రమణమ్మా, మల్లా దుబాయి వాసన ల్యాపినావే!" అంది. "దుబాయి గాదక్కా, కువైట్" అన్నాను ఎప్పటిలాగే. ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఎడారంతా దుబాయే. ఆమెను అని ఏం లాభం, వెళ్ళకముందు నేనూ అంతే కదా. కానీ ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, మెడ వెనక ఎవరో నిలబడి "చేతులు చల్లబడ్డాయా, రమ్‌నా?" అని అడిగినట్టుంటుంది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

తొంభైల చివర్లో నేను కువైట్‌లోని మిష్రిఫ్‌లో ఒక పెద్ద ఇంట్లో వంటపనికి కుదిరాను. ఇంటావిడను అక్కడ పనివాళ్ళందరూ పిలిచినట్టే మామా అని పిలిచేదాన్ని, అరబ్బీలో అమ్మా అని. రమణమ్మ అనే పేరుకు ఆవిడ నోరు తిరగక నేను రమ్‌నా అయ్యాను. భర్త లేడు. ఆవిడా, పెళ్ళి కాని కూతురు దానా, కారు తోలే కోనసీమ సత్తిబాబు, నేను. ఇంతే మనుషులం. ఇల్లేమో కల్యాణమండపమంత. ఏసీల హోరు తప్ప చప్పుడుండదు. హాల్లో గోడకు మామా కొడుకు బదర్ ఫోటో, దాని మీద పగలూ రాత్రీ ఆరని చిన్న దీపం. మన వైపు ఫోటో గోడకెక్కి, దీపం కూడా వెలిగిందంటే ఇంకేం అర్థం? అయ్యో పాపం, ఎంత వయసనీ అని మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఎవరినీ అడగలేదు. అక్కడే కొంప మునిగింది.

నాకు వంట రాదన్న మాట అంతకుముందు ఎవరూ అనలేదు. ఓళిగలు చేయడంలో మా వీధిలో నా తర్వాతే ఎవరైనా. మొదటి గురువారం మామా మైదాపిండి, ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న ముందు పెట్టి కలపమంటే, రెచ్చిపోయి ఓళిగల పిండిలాగే సాగేదాకా పిసికాను. మామా వేలితో ఒకసారి నొక్కి చూసింది. "ఖలాస్. పారెయ్" అంది. నా ప్రాణం ఉసూరుమంది. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని ఐసుముక్కల గిన్నెలో ముంచింది.

"నీ చేతుల్లో కోపం ఉంది, రమ్‌నా. వెన్న కరిగిపోతుంది. బఠాణీ గింజలంతగా పిండిలో మిగిలిపోవాలి. అప్పుడే పొరలు విడతాయి."

మా మాటలు సగం అరబ్బీ, సగం సైగలు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వేళ్ళు కొంకర్లు పోతున్నా ఆవిడ వదల్లేదు. ఆవిడ చేతులు మాత్రం ఐసు లేకుండానే చల్లగా ఉండేవి, నడి ఎండాకాలంలో కూడా. తగిలితే ఒళ్ళు జలదరించేది. పై పొర కప్పి అంచులు మూయమన్నప్పుడు మాత్రం నేను గెలిచాను. కజ్జికాయ అంచు మడిచినట్టు చకచకా మడిచేశాను. మామా చాలాసేపు ఆ అంచునే చూసింది. "బదర్ కూడా ఇలాగే మడిచేవాడు" అంది.

యాపిల్ పై అనే ఆ వంటకం అసలు బదర్‌దే. చదువుకోవడానికి అమెరికా వెళ్ళినప్పుడు, అద్దెకున్న ఇంటి ముసలావిడ దగ్గర నేర్చుకుని వచ్చి తల్లికి నేర్పాడట. గురువారం సాయంత్రం తల్లీకొడుకులు కలిసి చేసేవాళ్ళట. చల్లారేదాకా ఆగలేక మొదట అంచు విరుచుకుని తిని, నాలుక కాల్చుకుని గంతులేసేవాడట. చెబుతూ చెబుతూ మామా నవ్వేది, నవ్వు మధ్యలో ఆపి తలుపు వైపు చూసేది. పై కోశాక మొదటి ముక్కను బదర్ కుర్చీ ముందు పెట్టి గాజు మూత వేసేది. "వస్తాడు, తింటాడు" అనేది. మనం పెద్దల పేరు మీద విస్తరి వేసినప్పుడు అనే మాట అదే కదా. నాకు అందులో వింతేమీ కనిపించలేదు. శుక్రవారం పొద్దున ఆ ముక్క అలాగే ఉండేది. "పారెయ్" అనేది మామా, దానివైపు చూడకుండా.

పోయినవాళ్ళ పేరున పెట్టినదాన్ని చెత్తబుట్టలో వేస్తారా ఎవరైనా? నాకు చేతులు రాలేదు. ఒక శుక్రవారం ఆ ముక్కను పళ్ళెంలో పెట్టుకుని మిద్దె మీదికి వెళ్ళి, పిట్టగోడ మీద ఉంచి, కాకుల్ని పిలిచాను. "కావ్, కావ్" అంటుంటే వెనక చెప్పుల చప్పుడైంది. మామా.

"ఏం చేస్తున్నావు?"

మంచిపని చేస్తూ దొరికిపోయానని నేను పొంగిపోయాను. "మా ఊళ్ళో చనిపోయినవాళ్ళకు ఇలాగే పెడతాం మామా. కాకి వచ్చి ముడితే వాళ్ళు వచ్చి తిన్నట్టు" అన్నాను.

మామా ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నా కొడుకు చనిపోయాడని నీకెవరు చెప్పారు?" అంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు చెప్పింది, ఒక్కో మాటా పళ్ళ మధ్యనుంచి తీసినట్టు. ఇరాక్ సైన్యం దేశంలోకి వచ్చిన ఏడాది, బదర్ రొట్టెలు తేవడానికి వీధి చివరికి వెళ్ళాడు. సైనికులు బండెక్కించడం పొరుగువాళ్ళు చూశారు. ఆ తర్వాత ఉత్తరం లేదు, కబురు లేదు, శవం లేదు. ఫోటో మీది దీపం, వాడు వచ్చేసరికి ఇల్లు చీకటిగా ఉండకూడదని.

నేను కాళ్ళ మీద పడబోయాను. మామా నన్ను చూడటం లేదు. గోడ మీది ముక్కను చూస్తోంది. "పక్షి వచ్చిందా?" అని అడిగింది.

"లేదు మామా."

"రాకపోతే ఏమిటి అర్థం?"

ఏం చెప్పను? పోయినవాళ్ళ మనసులో తీరని కోరికుంటే కాకి ముట్టదని మా వైపు అంటారు. ఆ మాట ఆ తల్లికి ఎలా చెప్పను? నోటికొచ్చింది అనేశాను. "రాకపోతే... వాళ్ళు పోలేదని మామా."

ఆవిడ చల్లటి చేత్తో నా మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగానంటే, గాజు ఒకటి చిట్లింది. "రాలేదు" అంది. "చూశావా, రాలేదు!" ఆ వయసులో ఆవిడ ముఖం పెళ్ళికూతురి ముఖంలా వెలిగిపోయింది. నాకు మాత్రం ఎండలో నిలబడి చలి పుట్టింది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం అదే తంతు. ముక్క గోడ మీదికి చేరేది. పొద్దెక్కేదాకా నన్ను అక్కడే నిలబెట్టి, కిందికి దిగగానే అడిగేది. "పక్షి వచ్చిందా, రమ్‌నా?" "రాలేదు మామా." అప్పుడుగానీ టీ తాగేది కాదు. మన ఊళ్ళో కాకి రావాలని మొక్కుకుంటాం. నేను కాకి రాకూడదని తిరుపతి వెంకన్నకు మొక్కుకున్నాను. సత్తిబాబు దగ్గర మొత్తుకుంటే నవ్వాడు.

"ఏవండీ రమణమ్మగారూ, ఇక్కడ కాకులెక్కడివండీ బాబూ? ఈ మిష్రిఫ్‌లో ఒక్కటంటే ఒక్కదాన్ని చూళ్ళేదు నేను. ఓడల మీద రేవులోకి వస్తాయంటారు గానీ, మన గోడ మీదికెందుకొస్తాయండీ? మీరు నిశ్చింతగా ఉండండి, ఆయ్!"

నిశ్చింతగా ఎలా ఉంటాను? కాకులు లేవు సరే. పావురాలున్నాయి, పిచ్చుకలున్నాయి, వీధి నిండా పిల్లులున్నాయి. ఒక్కటీ ఆ ముక్కను ముట్టేది కాదు. పావురాలు పక్క గోడ మీద వరసగా కూర్చుని మెడలు తిప్పి చూసేవి. చీమ పట్టేది కాదు. ఈగ వాలేది కాదు. మామాకు చెప్పాక నేను దాన్ని కిందికి తెచ్చి పారేసేటప్పుడు, కాగితంలో చుట్టకుండా చేత్తో తాకేదాన్ని కాదు. ఒకసారి నల్ల ప్లాస్టిక్ సంచి గాలికి ఎగిరొచ్చి పళ్ళెం పక్కన పడితే, నేను పెట్టిన కేకకు సత్తిబాబు మెట్లెక్కి పరిగెత్తుకొచ్చాడు. ఆ రోజు నవ్వలేదు అతను.

ఒకనాడు దానా వంటింట్లోకి వచ్చి తలుపు వేసింది. "అమ్మకు ఆ పక్షి సంగతి చెప్పింది నువ్వేనా?"

నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. "తెలియక చెప్పినాను, క్షమించు" అన్నాను.

"ఇది మా మతంలో లేదు. మంచిది కాదు" అంది. కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి, "కానీ ఇన్నేళ్ళలో ఆమె రాత్రుళ్ళు నిద్రపోవడం ఇప్పుడే చూస్తున్నాను. ఆ పక్షి రాకుండా చూడు, రమణమ్మా" అంది. ఆ ఇంట్లో నా పేరు పూర్తిగా పలికింది ఆ పిల్ల ఒక్కతే, ఆ ఒక్కసారే.

ఏళ్ళు గడిచాయి. ఇరాక్‌లో రెండో యుద్ధం జరిగి, అక్కడి ప్రభుత్వం కూలిపోయింది. ఎడారిలో గోతులు తవ్వుతున్నారని, ఎముకలు దొరుకుతున్నాయని టీవీలో చెప్పారు. పోలిక చూడటానికి తప్పిపోయినవాళ్ళ తల్లుల దగ్గర రక్తం తీసుకున్నారు. మామా చెయ్యి చాపి ఇచ్చింది. "తీసుకోండి. మా వాడు గోతుల్లో లేడు. పక్షి రాలేదు" అంది. వచ్చినతను నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

ఆ వేసవిలో ఒక శుక్రవారం దుమ్ముగాలి లేచింది. ఆకాశం పసుపు కలిపిన బురదనీళ్ళలా ఉంది. ఎదురింటి గోడ కూడా కనబడటం లేదు. ఈ రోజు వద్దు మామా అన్నాను. ఆవిడ వినకుండా పళ్ళెం తీసుకుని తనే ముందు నడిచింది. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని నేను వెనక మెట్లెక్కి, తలుపు దగ్గరే ఆగిపోయాను.

గోడ మీద కాకి ఉంది. బూడిదరంగు మెడ, నల్లటి రెక్కలు. అచ్చం మన ఊరి కాకి. మామా దానికి మూరెడు దూరంలో నిలబడి ఉంది. తోలలేదు. అది పళ్ళెం చుట్టూ నడిచింది. లోపలి యాపిల్ ముక్కల్ని ముట్టకుండా, ముక్కుతో అంచు విరిచింది. నేను కజ్జికాయలా మడిచిన ఆ అంచునే. విరుచుకుని, తల ఎత్తి మామా వైపు చూసింది.

"నెమ్మదిగా తిను" అంది మామా. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఇప్పుడు వేడిగా లేదులే."

ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. వెనక కాకి ఇంకా తింటూనే ఉంది. "పక్షి వచ్చిందా, రమ్‌నా?" అని అడిగింది.

"రాలేదు మామా" అన్నాను.

"అవును, రాలేదు" అంది. ఖాళీ అయ్యేదాకా ఆగి, పళ్ళెం తలగుడ్డ కొసతో తుడిచి నా చేతికిచ్చింది. ఆ రోజు ఆవిడ టీ తాగలేదు.

ఎక్కువ రోజులు కాలేదు. ఫోను వచ్చింది. దానా మాట్లాడుతూ మాట్లాడుతూ గోడకు జారి కూలబడింది. ఎముకల పోలిక కలిసిందట. మామా ఏడవలేదు. హాల్లోకి వెళ్ళి ఫోటో మీది దీపం ఆర్పింది. మనం మనిషి పోయాక వెలిగించే దీపాన్ని, ఆ తల్లి మనిషి పోయాడని ఒప్పుకుని ఆర్పింది. అప్పుడు ఏడ్చాను నేను, ఇల్లెగిరిపోయేలా.

ఆ ఎముకల్ని మట్టి చేసి వచ్చాక, మరుసటి గురువారం వంటింట్లో మళ్ళీ చప్పుడైంది. వెళ్ళి చూస్తే మామా పిండి కలుపుతోంది. యాపిల్ పై ఓవెన్లోంచి రాగానే మొదటి ముక్క బదర్ కుర్చీ ముందు పెట్టింది. గాజు మూత వేయలేదు. "కూర్చో" అంది నాతో. ఆ కుర్చీని తుడవడం తప్ప తాకింది లేదు నేను. "యల్లా, రమ్‌నా. కూర్చో." కూర్చున్నాను. ఏం చేయాలో తోచక అంచు విరిచి నోట్లో వేసుకున్నాను. నాలుక భగ్గుమంది, అమ్మా అని అరిచాను. మామా పకపకా నవ్వింది. "చెప్తే వినవు కదా! ఎప్పుడూ వినవు!" అంటూ నా వీపు మీద చరిచింది. నవ్వి నవ్వి, అదే చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మొండితనం ఏమిటో, ప్రేమ ఏమిటో నాకు ఆ మనిషి దగ్గరే తెలిసింది. రెండూ ఒక్కటే ఆవిడలో.

నేను ఊరికి వచ్చేశాక ఒకసారి దానా ఫోను చేసింది. మామా నిద్రలోనే వెళ్ళిపోయిందట. అప్పటినుంచి నెలకొక గురువారం ఈ వాసన మా వీధికి తప్పలేదు. మర్నాడు పొద్దున ఒక ముక్క మిద్దె గోడ మీద పెడతాను. కాకుల్ని పిలవను.

ఈ పొద్దున కూడా పెట్టాను. రాయచోటిలో కాకులకు కరువా? కరెంటు తీగల మీద బారులు తీరి కూర్చున్నాయి. మెడలు తిప్పి చూశాయి. ఒక్కటీ దిగలేదు. సుబ్బమ్మక్క వచ్చి ఇడ్లీ ముక్కలు పక్కనే వేసింది. కాకులు రెక్కలు టపటపలాడించుకుంటూ దిగి ఇడ్లీ తిని, యాపిల్ పై ముక్కకు ముక్కు తగలకుండా ఎగిరిపోయాయి.

"ఏందిమ్మే ఇది, ఎప్పుడూ ముట్టవే!" అంది అక్క. "ఆ దుబాయి యమ్మకు ఏం కోరిక తీరల్యాదో ఏమో. సేతులు జోడించి మొక్కుకోమ్మే, వస్తాయి."

మెడ వెనక ఎవరో నిలబడ్డారు. నేను తిరగలేదు. "రాలేదు మామా" అన్నాను పైకే.

అక్క నాతో మొక్కించాలని నా చేతులు పట్టుకుంది. పట్టుకున్నదల్లా ఉలిక్కిపడి వదిలేసింది. "ఏందిమ్మే రమణమ్మా," అంది, "ఇంత ఎండలో నీ సేతులు ఇంత సల్లగుండాయి?"