అత్త నోట కోడలి పేరు

మొన్న నా కుడికంటికి శుక్లం ఆపరేషను చేయించడానికి మా అమ్మాయి ఖమ్మం తీసుకువెళితే, అక్కడ బల్ల ఎక్కేలోపు ఒకరి తర్వాత ఒకరుగా ముగ్గురు వచ్చి నా పూర్తి పేరు అడిగారు, మణికట్టుకు పేరు రాసిన పట్టీ కట్టారు, ఏ కన్నో పొరపాటు పడకుండా కనుబొమ మీద పెన్నుతో బాణం గుర్తు కూడా వేశారు. మా అమ్మాయి విసుక్కుంది గానీ నేను మాత్రం అడిగిన ప్రతిసారీ ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పాను. పేరు దగ్గర తేడా వస్తే అది ఎంత దూరం పోతుందో నా ఈడు నర్సమ్మలకు ఒకరు చెప్పక్కర్లేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల మాట. మాది మధిర వైపు. ఏఎన్ఎంగా నన్ను భద్రాచలం అడవి అంచు ఊళ్లకు వేసినప్పుడు మొదటి ఆరు నెలలూ నాకు మనుషులే దొరకలేదు. అంటే మనుషులు ఉన్నారు, నా చేతి కాగితంలోని పేర్లకు పలికేవాళ్లే లేరు. అక్కడ కోడళ్లను పుట్టింటి ఊరిపేరుతో పిలుస్తారు, పెద్దల పేరు పెట్టుకున్న పిల్లలను ఆ పేరుతో అసలే పిలవరు. టీకా వేయాల్సిన మనిషి ఎదురుగానే కూర్చుని ఉన్నా ఆమె కోసం ఊరంతా తిరిగి కాళ్లు పడిపోయాక, నా రిజిస్టరులో అసలు పేరు పక్కనే పిలుపు పేరు కూడా రాసుకోవడం మొదలుపెట్టాను. అది చూసి మా పైఅధికారి, ఇది రిజిస్టరా, మీ చుట్టాల జాబితానా అని నలుగురిలో నవ్వాడు. నవ్వితే నవ్వాడు, నేను మానలేదు.

ఆ ఊళ్లో నాకు పెద్దదిక్కు మా సబ్‌సెంటర్ ఆయా. ఆమె కొడుకు అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో గెలలు కోసే పనికి పోయి వారానికోసారి వచ్చేవాడు. కారేపల్లిలో ఉన్న ఆడబిడ్డ కూతుర్నే వాడికి చేసుకుంది. ఆ పిల్లకు అమ్మమ్మ పేరు పెట్టారు, ముత్తమ్మ అని. ఆ అమ్మమ్మే మా ఆయాకు అత్త. పోయి ఎన్నేళ్లయినా అత్త అత్తే కదా, ఆ పేరు ఆయా నోట వచ్చేది కాదు. కోడలిని బుజ్జమ్మ అనేది, కోపం వస్తే కారేపల్లి పిల్ల అనేది.

ఆ పిల్లకు నొప్పులు వచ్చిన రోజున వాగు పొంగి సర్కారు దవాఖానా దారి మూసుకుపోయింది. బిడ్డ అడ్డం తిరిగింది. ఇవతలి ఒడ్డున ఒక ప్రైవేటు నర్సింగ్ హోం ఉంటే అక్కడికే తీసుకుపొమ్మని చెప్పిందాన్ని నేనే, ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. పెద్దాపరేషను చేసి ఆడపిల్లను బయటికి తీశారు. పేషెంటు పేరేమిటని గుమాస్తా అడిగితే ఆయా బుజ్జమ్మ అని రాయించింది.

ఇంటికి వచ్చాక ముత్తమ్మ కోలుకోలేదు. కడుపులో పోటు, విడవని జ్వరం. రెండుసార్లు అదే డాక్టరు దగ్గరికి పోతే కుట్ల నొప్పి అని గోలీలు ఇచ్చి పంపాడు. నాలుగో నెలలో కడుపు ఉబ్బితే నేనే వెంటబడి పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. అక్కడ కోసి చూస్తే, ఆపరేషనులో రక్తం అద్దే గుడ్డ ఒకటి చీములో మునిగి ఉంది. గర్భసంచి కూడా తీసేయక తప్పలేదు. ఆ రెండో డాక్టరు, దేవుడు ఆయన్ను చల్లగా చూడాలి, ఏ మొహమాటానికీ పోకుండా ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టాడు. అక్కడ రేషను కార్డు చూసి ముత్తమ్మ అని రాశారు.

డాక్టరు కూడా మనిషే, పొరపాటు పడతాడు. ఇన్నేళ్ల సర్వీసులో నేనూ పడ్డాను. మొదటి డాక్టరు తప్పయిందమ్మా అని ఒక్కమాట అని ఉంటే ఆ ఇంటివాళ్లు దండం పెట్టి వచ్చేసేవాళ్లేమో. ఆయన అనలేదు సరికదా, మేము కోసింది బుజ్జమ్మను, గుడ్డ దొరికింది ముత్తమ్మ కడుపులో, ఈ ముత్తమ్మ ఎవరో మాకు తెలియదు అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముత్తమ్మకైతే పరిహారం ధ్యాసే లేదు. "నన్ను కోసినోడే నన్ను ఎరగనంటే ఎట్ల నర్సమ్మా? నేను అబద్ధమాడే మనిషినా?" అని ఒకటే ఏడుపు.

ఖమ్మంలో వకీలుగా ఉన్న మా తమ్ముడు వినియోగదారుల ఫోరంలో కేసు వేశాడు. వైద్యంలో నిర్లక్ష్యం ఉంటే డాక్టరు చట్టం ముందు జవాబు చెప్పాల్సిందేనని, అయితే ఆయన కోసిన మనిషి ఈమేనని రుజువు చేయాల్సింది మనమని, అది తేలకపోతే కేసు అక్కడితో సరి అని చెప్పాడు. ఈ సంగతి తెలిసి మా పైఅధికారి నన్ను పిలిపించి, డాక్టర్లతో మనకెందుకమ్మా, ఇంకా లోపలి ఊరికి పోతావా ఏంటి అన్నాడు. ఇంతకంటే లోపల ఊళ్లు లేవు సార్ అన్నాను. రిజిస్టరు తెమ్మని ఫోరం నుంచి నోటీసు వచ్చాక ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

విచారణ రోజున డాక్టరు తరఫు వకీలు ఆయాను నిలబెట్టి, నీ కోడలి పేరేంటమ్మా అన్నాడు. ఆయా తల దించుకుంది. మళ్లీ అడిగితే, బుజ్జమ్మ అంటే డాక్టరు మాటే నిలుస్తుందని భయపడిందేమో, కారేపల్లి పిల్ల అంది. అది ఊరు, మనిషి పేరు చెప్పు అన్నాడు. ఆయా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోడలి పేరే తెలియని అత్త, సార్, అని ఆయన అధ్యక్షుడి వైపు తిరిగి నవ్వాడు. మా తమ్ముడి మొహం వాడిపోయింది. అప్పుడు ఆయా చెప్పులు విప్పి పక్కన పెట్టింది, కళ్లు మూసుకుని రెండు చెంపలూ వేసుకుంది.

"అత్తా, తప్పు కాయవే" అని కళ్లు తెరిచింది. "నా కోడలి పేరు ముత్తమ్మ సారూ. మా అత్త పేరది. ఇన్నేండ్లు నోట తియ్యలే, ఇయ్యాల గీ పిల్ల కోసం తీస్తున్న. బుజ్జమ్మ అని రాయించింది నేనే. తప్పుంటే నాది, దాని కడుపుది గాదు."

తర్వాత నన్ను పిలిచారు. రిజిస్టరు విప్పి చూపించాను. ముత్తమ్మ, పిలుపు పేరు బుజ్జమ్మ, పుట్టినిల్లు కారేపల్లి, కాన్పు ఎప్పుడు రావాలో ఆ తేదీ, అన్నీ గొడవకు ఎంతో ముందు నా చేత్తో రాసినవే. ఫోరం సభ్యురాలు ఒకావిడ ఆ పేజీ రెండుసార్లు చదివి, మా అమ్మ కూడా మా నాయనమ్మ పేరు పలికేది కాదు అంది మెల్లగా.

డాక్టరుది నిర్లక్ష్యమేనని, ఆయనా నర్సింగ్ హోమూ కలిసి పరిహారం కట్టాలని తీర్పు వచ్చింది. ముత్తమ్మ మా తమ్ముణ్ని ఒక్కటే అడిగింది, "ఆయన నన్ను కోసిండని అండ్ల రాసిన్రా?" అని. రాశారమ్మా అంటే ఆ కాగితం తీసుకుని కొంగుచాటున పెట్టుకుంది. నాకు ఏనుగెక్కినంత సంబరం. బస్టాండుకు వచ్చాక మా ఆయా ముందుగా బస్సెక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి, "ముత్తమ్మా, జల్దీ ఎక్కవే, సీటు పోతది" అని అందరూ తిరిగి చూసేలా కేక వేసింది. ఒకసారి తప్పు కాసిన అత్త రెండోసారి కాయదా అనుకుందేమో. నేను నవ్వుతూ ఏడ్చాను.

ఇప్పుడు ఆ ఊరికి తారురోడ్డు పడింది, వాగు మీద వంతెన వచ్చింది, ఆడపిల్లలు ఎవరి పేరైనా జంకు లేకుండా చెబుతున్నారు. మంచిదే. ఆయా పోయి చాలా ఏళ్లయింది. ఇది రాద్దామని కూర్చుంటే ఆమె అసలు పేరు ఎంతకీ గుర్తురాలేదు, ఫోరంలో సాక్షిగా పిలిచినప్పుడు ఒక్కసారి విన్నాను, అంతే. ముత్తమ్మకు ఫోను చేస్తే, "మా అత్త పేరు నేనెట్ల తీస్త నర్సమ్మా" అని నవ్వి, ఫోను కూతురి చేతికిచ్చింది. ఆనాడు ఆపరేషనులో పుట్టిన పిల్లే. నాయినమ్మ అనే పిలిచేదాన్ని, పేరు తెల్వదు అంది. ఆ రిజిస్టరును వెతికించినా లాభం లేదు, ఊరందరి పేర్లూ రెండేసి చొప్పున రాసుకున్నదాన్ని, ఆమెను మాత్రం అందులో ఆయా అనే రాశాను.