హీరోతో పాడిన పాప

పోయిన నెల ఓర్వకల్లు దగ్గర కొత్తగా కట్టిన కల్యాణ మండపంలో మా ఆడబిడ్డ మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. భోజనం ముగించుకొని, మోకాళ్ళ నొప్పి ఓర్చుకోలేక ఒక మూల కుర్చీలో కూలబడి మజ్జిగ తాగుతూ ఉంటే, వేదిక మీద మైకు పట్టుకొని చలాకీగా తిరుగుతున్న యాంకరమ్మాయి ఉన్నట్టుండి నా వైపు చెయ్యి చూపించి, ఒకప్పుడు ఫలానా హీరోగారితో కలిసి పాడిన అమ్మమ్మగారు మన మధ్యే ఉన్నారని ప్రకటించింది. ఇక చూడండి, చప్పట్లు, ఈలలు, నా పక్కన నిలబడి ఫోటో తీసుకోవడానికి ఒకరినొకరు తోసుకోవడం. హీరో దగ్గర్నుంచి చూస్తే ఎలా ఉంటాడు, నిజంగా అంత పొడుగేనా, నీతో ఏం మాట్లాడాడు అని అడిగినవాళ్ళే గానీ, ఏ పాట పాడావమ్మా, ఎలా పాడావమ్మా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

నాకు ఇది కొత్త కాదు. పెళ్ళి కాకముందు నుంచి ఇదే తంతు. ఊహ తెలిసినప్పటి నుంచి పాడుతూనే ఉన్నాను, ఎన్ని పాటలు పాడానో లెక్క కూడా లేదు, కానీ లోకానికి గుర్తున్నది మాత్రం నేను బాగా పాడకుండా పాడిన ఒకే ఒక్క పాట. ఆ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. మన వయసువాళ్ళకైనా అర్థమవుతుందేమోనని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మన చిన్నతనంలో పెళ్ళంటే సాయంత్రం పాటకచేరీ ఉండాల్సిందే కదా. కర్నూలులో మా మేనమామ అలాంటి కచేరీ బృందం ఒకటి నడిపేవాడు. నాన్న లేని నన్నూ అమ్మనూ తన ఇంట్లోనే పెట్టుకొని, నాకు పాట నేర్పి, బృందంలో ఆడగొంతుకు నన్నే నిలబెట్టాడు. నేర్పడమంటే మాటలు కాదు. తెల్లవారుజామున హార్మోనియం మెట్టు ఒకటి నొక్కిపెట్టి, ఆ స్వరంలో గొంతు కలిసేదాకా వదిలేవాడు కాదు. వెంట్రుకవాసి పక్కకు జరిగినా చేతిలోని తాళం కర్ర నా నెత్తిన పడేది. శృతి అంటే మా మామకు దేవుడితో సమానం. వంటింట్లో గిన్నె కింద పడితే అది ఏ స్వరమో చెప్పమనే మనిషి. ఉదయం బొరుగుల ఉగ్గాని తింటూ కూడా పక్క వీధిలో రేడియో పాటకు తప్పొప్పులు ఎంచేవాడు.

బృందంలో నాకు మామ తర్వాత చనువు ఉన్నది అకార్డియన్ వాయించే భాయ్‌తో. ఆయన పగలు పాతబస్తీలో గడియారాలు బాగుచేసే దుకాణంలో కూర్చునేవాడు, సాయంత్రం అకార్డియన్ భుజానికి తగిలించుకొని మాతో వ్యాన్ ఎక్కేవాడు. ఆదోని, ఆలూరు, నంద్యాల, ప్రొద్దుటూరు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి ఆ ఎండల్లో, ఆ దుమ్ములో తిరిగేవాళ్ళం. వ్యాన్ కిటికీకి తడి తువ్వాలు కట్టి, దాని చల్లదనం కోసం ఆ వైపు కూర్చోవడానికి పోట్లాడుకునేవాళ్ళం.

అలా తిరుగుతున్న రోజుల్లో కడప నుంచి ఒక పెద్ద పిలుపు వచ్చింది. అక్కడ ఒక బడికి గదులు లేక పిల్లలు రేకుల పంచలో కూర్చొని చదువుతున్నారట. గదులు కట్టించడానికి టిక్కెట్టు పెట్టి పెద్ద ప్రదర్శన చేస్తున్నారట, దానికి హీరోగారు వస్తున్నారట, వాద్యబృందంగా మేము వెళ్ళాలట. హీరో పేరు చెప్పను, చెప్పకపోయినా మీలో సగం మందికి తెలిసిపోతుంది. ఆయన నడిచి వస్తుంటే చూడటానికే ఆ రోజుల్లో జనం గోడలెక్కేవాళ్ళు. సినిమాల్లో ఆయనకు పాడేవాళ్ళు వేరే ఉన్నారు, అందరికీ ఉంటారు. కానీ ఆ ప్రదర్శనలో మాత్రం తానే స్వయంగా ఒక యుగళగీతం పాడతానని కబురు పంపాడు. ఆడగొంతు నాది.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం ఆయన దిగిన బంగళాలో పాట సరిచూసుకోవడానికి మమ్మల్ని పిలిచారు. లుంగీ కట్టుకొని, మిరపకాయ బజ్జీ కారానికి కళ్ళు తుడుచుకుంటూ, మమ్మల్ని చూసి ఎన్నాళ్ళుగానో తెలిసిన మనిషిలా నవ్వాడు. ఆ నవ్వుకు నేనూ పడిపోయాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. భాయ్‌కి తానే కుర్చీ జరిపి వేశాడు. తర్వాత గొంతు సవరించుకొని పాడాడు.

ఎలా చెప్పేది? పాట మొదలైన చోటికీ ఆయన గొంతు వెళ్ళిన చోటికీ మధ్య ఒక ఊరు పట్టేంత దూరం ఉంది. పల్లవి ఒక శృతిలో, రెండో పంక్తి ఇంకో శృతిలో, చరణం ఏ శృతీ కాని చోట. భాయ్ వేళ్ళు అకార్డియన్ మీద అలాగే ఆగిపోయాయి. నేను మామ ముఖం చూశాను. ఇప్పుడు ఈయన చేతిలో తాళం కర్ర ఉంటే ఏమవుతుందోనని భయపడ్డాను కూడా. హీరోగారు ఎలా ఉందని అడిగారు.

"శానా బాగుండాది సార్," అన్నాడు మా మామ. చేతులు కట్టుకొని మరీ అన్నాడు.

బయటికి వచ్చాక వేపచెట్టు కింద నేను మామను నిలదీశాను. ఆ పాట ఆయనతో ఎలా పాడేది, నేను సరిగ్గా పాడితే ఆయన తప్పు ఊరంతటికీ తెలుస్తుంది, ఆయనతో పోతే నా గొంతు పోతుంది కదా అన్నాను. మామ నా ముఖం చూడకుండా కండువా దులుపుకుంటూ, "ఆయప్ప యాడికి పోతే నువ్వు ఆడికి పో పాపా. అంతే," అన్నాడు.

సాయంత్రం మైదానం నిండిపోయింది. చెట్ల మీద, గోడల మీద, వచ్చిన లారీల మీద కూడా మనుషులే. హీరోగారు తెల్లబట్టలతో వేదిక ఎక్కగానే మైదానమంతా అరుపులు. ఆయన పాట ఎత్తుకున్నాడు. మధ్యాహ్నం కంటే ఘోరం. నేను ఆయన వెనకే పోయాను. ఆయన కిందికి జారితే నేనూ జారాను, పైకి ఎగిరితే నేనూ ఎగిరాను. కొంతసేపు భాయ్ కూడా మా వెనక పరుగెత్తి, చివరికి విసిగి, అకార్డియన్ ఊపుతూ ఉత్తుత్తిగా వాయిస్తున్నట్టు నటించడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళు నెత్తిన దెబ్బలు తిని నేర్చుకున్నదంతా నా నోటితో నేనే పాడుచేసుకుంటుంటే, ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

రెండో చరణంలో ఆయన మాటలు మరిచిపోయాడు. పూర్తిగా మరిచిపోయాడు. నుదుటి మీద చెమటతో, పరీక్షలో ఏమీ రాని పిల్లాడిలా నా వైపు చూశాడు. అంతలోనే ఫక్కున నవ్వేసి, మైకు జనం వైపు తిప్పాడు. అంతే, మైదానమంతా ఆ చరణం ఎత్తుకుంది. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పోలీసులు కూడా. ఏ ముఖం చూసినా దీపం పెట్టినట్టు ఉంది. అంతమంది కలిసి పాడుతుంటే విచిత్రంగా శృతి తనంతట తానే సర్దుకుంది. ఆ చివరి నాలుగు పంక్తులే ఆ రోజు నేను నిజంగా పాడినవి.

దిగేటప్పుడు హీరోగారు నా దగ్గరికి వంగి, "నన్ను ఒడ్డున పడేశావు చెల్లెమ్మా, నాకు పాట రాదని నాకు తెలుసు," అన్నాడు. ఆయన్ని తిట్టుకోవడానికి కూడా లేకుండా చేశాడు మహానుభావుడు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. మేము సామాను సర్దుకొని వ్యాన్ దగ్గరికి నడుస్తుంటే ముందు ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకుంటూ పోతున్నారు.

"హీరో ఎంత బాగ పాడినాడప్పా!"

"ఆయప్ప బాగనే పాడినాడు. ఆ పాపే మధ్యలో శృతి తప్పింది."

నేను అక్కడే నిలబడిపోయాను. భాయ్ నా చెయ్యి పట్టుకొని వ్యాన్ ఎక్కించకపోతే వాళ్ళ వెంటపడి అడిగి ఉండేదాన్నేమో.

అంతటితో పోయిందా? పోలేదు. ఆ తర్వాత మాకు పిలుపులే పిలుపులు. హీరోతో పాడిన పాప కావాలి, ఆ పాటే కావాలి, పైగా హీరో పాడిన భాగం పెళ్ళికొడుకు పాడతాడు. ప్రతి పెళ్ళిలోనూ ఇదే. పట్టు పంచె కట్టుకొని, బాసికం సర్దుకొని, హీరోలా తల ఎగరేస్తూ ఒక్కొక్క పెళ్ళికొడుకు నా పక్కకు వచ్చి నిలబడేవాడు. కొందరైతే హీరో తప్పిన చోట తప్పడం కూడా ప్రత్యేకంగా నేర్చుకొని వచ్చేవాళ్ళు, రెండో చరణంలో మాటలు మరిచినట్టు నటించి నవ్వేవాళ్ళు. ఆ నవ్వు మాత్రం ఎవరికీ రాలేదు. వాళ్ళందరి వెనకా నేను కిందికీ పైకీ పరుగెత్తాలి.

చివరికి ఆలూరులో ఒక రైతుగారింటి పెళ్ళిలో నా ఓపిక అయిపోయింది. పెళ్ళికొడుకు గొంతు ఎత్తగానే నేను మైకు మామ చేతిలో పెట్టి, వెళ్ళి డ్రమ్ముల వెనక కూర్చున్నాను. పెళ్ళికొడుకు తండ్రి లేచి, "ఏమప్పా, మా వానితో పాడేకి ఈయమ్మకు నామోషీనా?" అని కేకవేశాడు. మా మామ ఒక్క క్షణం నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు, తర్వాత మైకు నోటి దగ్గర పెట్టుకొని, కండువా కొంగులా తల మీద కప్పుకొని, ఆడగొంతుతో నా భాగం తానే అందుకున్నాడు. జనం పడిపడి నవ్వారు. శృతే దేవుడనే మనిషి, మీసాలున్న మనిషి, ఆ వంకర పాట వెనక మెలికలు తిరుగుతూ చివరిదాకా పాడాడు. నేను నవ్వలేకపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్‌లో పత్తికొండ దాటాక మామే అన్నాడు.

"నాకు చెవుల్లేవనుకున్యావా పాపా? ఆ పొద్దు కడపలో ఆయప్ప తప్పిన ప్రతి చోటా నా గుండెలో ముల్లు దిగె. నేను బాగలేదంటే ఆయన నొచ్చుకుంటాడు, కచేరీ పోతాది. ఈ వ్యాన్‌లో ఉండేటోళ్ళందరి ఇండ్లల్లో పొయ్యి వెలగల్ల గదా."

ముందు సీటులోని భాయ్ వెనక్కి తిరిగి, "ఆ పాట తీసేద్దాం అన్నా. బేటీ మళ్ళీ పాడాల గదా," అన్నాడు. మామ తల ఊపాడు. ఆ పాటను మళ్ళీ మేము ముట్టలేదు. అనుకున్నట్టే పిలుపులు తగ్గాయి, తర్వాత క్యాసెట్లు, ఆ తర్వాత వీడియోలు వచ్చి కచేరీలే తగ్గాయి. భాయ్ గడియారాల దుకాణానికే పరిమితమయ్యాడు. మామ చివరి రోజుల్లో మంచంలో పడుకొని కూడా ఫ్యాను ఏ స్వరంలో తిరుగుతోందో చెప్పేవాడు. ఇద్దరూ ఇప్పుడు లేరు.

నేను నిజంగా పాడిన రోజు ఒకటి ఉంది. కచేరీలకు తిరిగే రోజుల్లో మంత్రాలయంలో, నది ఒడ్డున ఒక సత్రం వరండాలో, ఒక మధ్యాహ్నం బస్సు కోసం ఎదురుచూస్తూ, భాయ్ ఊరికే అకార్డియన్ తీస్తే నేను ఊరికే అందుకున్నాను. ఆ రోజు గొంతు ఎక్కడికి కావాలంటే అక్కడికి పోయింది. తడిబట్టలు ఆరవేసుకుంటున్న యాత్రికులు నలుగురు విన్నారు. పాట అయ్యాక మామ కళ్ళు మూసుకొని అలాగే కూర్చున్నాడు. అది ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు.

విధి చూడండి, నాకు దొరికిన భర్త కడపలో ఆ బడిలోనే పంతులు. పైగా ఆ హీరోకు వీరాభిమాని. పెళ్ళయిన నాటి నుంచి మా ఇంట్లో ఈ తగవు నడుస్తూనే ఉంది. పాటకు కావలసింది గొంతు అని నేను, మనిషి అని ఆయన. నేను మరీ గట్టిగా వాదిస్తే ఆయన తన ఆఖరి అస్త్రం తీస్తాడు.

"నువ్వు శృతిలో పాడేదానికి వచ్చినారా అంతమంది? ఆయప్ప వచ్చినాడని వచ్చిరి. ఆ గదుల్లోనే గదా నేను ఉద్యోగమంతా పాఠం చెప్తి!"

ఆ టిక్కెట్ల డబ్బుతో లేచిన గదులు నేనూ చూశాను. నాపరాళ్ళ నేల, పెద్ద కిటికీలు, లోపల పిల్లలు. అయినా ఒళ్ళు మండుతుంది. గదులు లేవడం వేరు, పాట బాగుండటం వేరు అంటాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకుంటాడు.

కిందటేడాది కర్నూలులో ఒక సినిమావాళ్ళ వేడుక జరిగితే, మా చుట్టాలబ్బాయి పాసులు తెచ్చాడని ఇద్దరం వెళ్ళాం. ఇప్పటి హీరో ఒకతను వచ్చాడు, తానే పాడిన పాట అని చెప్పాడు, మైకు పట్టుకొని గెంతాడు. పాట గాజుపలకలా నున్నగా ఉంది, వెతికినా తప్పు దొరకదు. మధ్యలో అతను సీసా ఎత్తి నీళ్ళు తాగాడు. పాట సాగుతూనే ఉంది. జనం అప్పుడూ అరుస్తూనే ఉన్నారు, కాకపోతే ఎవరూ పాడటం లేదు, అందరి చేతులూ ఫోన్లు పట్టుకొని పైకి ఉన్నాయి. నేను పక్కకు తిరిగి చూశాను, మా ఆయన ముఖం చిట్లించుకొని ఉన్నాడు.

"ఇదేంది, నీళ్ళు తాగుతా పాడతాండాడు?" అన్నాడు.

"గొంతు యంత్రానిది," అన్నాను.

"మా ఆయప్ప నయం. తప్పైనా తనే పాడినాడు."

అవునన్నాను. మా కాపురంలో ఈ విషయంలో మేము ఒక మాట మీద ఉన్నది ఆ ఒక్కసారే, అది నాకే చిరాకు తెప్పించింది. ఆ రోజు వాద్యాలు లేవు, వాయించేవాళ్ళు లేరు, పక్కన ఆడగొంతు కూడా పెట్టెలోంచే వచ్చింది. పాట తప్పితే పట్టుకునేవాళ్ళు వేదిక మీద ఎవరూ లేరు, తప్పే వీలూ లేదు. మన కాలంలో పాడటం రానివాడికి కూడా మరో మనిషి గొంతు అవసరమయ్యేది. ఇంటికి వస్తూ ఆటోలో మా ఆయన ఆ పాత పాట పల్లవి కూనిరాగం తీశాడు, పూర్తిగా శృతి తప్పి. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ రెండో పంక్తి దగ్గర ఆయన మరీ కిందికి జారిపోతుంటే చూడలేక, నేనూ అందుకున్నాను.