ఐస్ కరిగేలోపు వైఫై

డిగ్రీ అయిన ఏడాది వేసవిలో భీమవరం దగ్గర ఒక ఆక్వా ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరాను. రొయ్యల్లో నిషేధించిన మందులు ఉన్నాయేమో పరీక్షించి, రిపోర్టును ల్యాబ్ కంప్యూటరు నుంచే కొనుగోలు కంపెనీ వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. అది ఎక్కితేనే చెరువులో వల దింపుతారు. దాన్నే అక్కడ పట్టుబడి అంటారు. ఫోన్‌లో కొత్తవాళ్లతో మాట్లాడే పని ఉండదని ఆ ఉద్యోగం ఒప్పుకున్నాను. రెండేళ్లు చేసి మానేశాను.

ఒక ఉదయం పాత కంప్యూటరు కాలిపోయింది. కొత్తది తెచ్చి పెడితే వైఫై పాస్‌వర్డ్ అడిగింది. అది పెట్టిన శ్రీను అంతకుముందే వేరే ల్యాబ్‌కు వెళ్లిపోయాడు. సిబ్బంది ఫోన్లకు వైఫై ఇవ్వకూడదన్నది మేనేజరు సుబ్బారావు గారి నియమం కాబట్టి మాలో ఎవరి ఫోన్‌లోనూ లేదు. ల్యాబ్ గదిలో ఫోన్ సిగ్నల్ అందదు. రూటరుకు రీసెట్ బటన్ ఉంటుంది గానీ, అది నొక్కితే నెట్ కంపెనీ సెట్టింగులు కూడా పోతాయి. వాళ్ల మనిషి వచ్చేది మర్నాడు.

అప్పటికే సత్యం గారనే రైతు చెరువు గట్టున ఐస్ లారీ నిలబెట్టుకుని ఉన్నారు. ఆయన రొయ్యల పరీక్ష బాగానే వచ్చింది. రిపోర్టు పంపడమే మిగిలింది. ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసి, “లారీ కింద నీళ్లు కారిపోతున్నాయండి. ఇంకాసేపుంటే ఇక్కడ ఇంకో చెరువు తయారవుద్ది” అన్నారు.

పాస్‌వర్డ్ ఓనరు రంగరాజు గారి పేరేనని శ్రీను చెప్పినట్టు సుబ్బారావు గారికి గుర్తుంది. ఓనరునే అడగవచ్చు, కానీ పోగొట్టామని ఒప్పుకోవాలి. అందుకని రంగరాజు అని ఇంగ్లిషులో చిన్నక్షరాల్లో, పెద్దక్షరాల్లో, ఇంటిపేరుతో, పుట్టిన ఏడాదితో కొట్టి చూశారు. కొట్టిన ప్రతిసారీ గోడ మీది ఓనరు ఫొటో వైపు ఒకసారి చూసేవారు. ఏదీ కలవలేదు.

శ్రీనునే అడుగుదామని మెల్లగా అన్నాను. వెళ్లేటప్పుడు అతన్ని సుబ్బారావు గారు తిట్టి పంపారట. నంబరు కలిపి రిసీవరు నా చేతిలో పెట్టి, “నేను లేనని చెప్పమ్మా” అని పక్కనే నిలబడ్డారు.

మాటలు మనసులో రెండుసార్లు కూర్చుకునేలోపే శ్రీను ఎత్తాడు. సంగతి విని, మేనేజరు గారు పక్కనున్నారా అని అడిగాడు. లేరన్నాను. అయితే నమస్కారం చెప్పమన్నాడు. నేను ఆ మాట చెప్పగానే సుబ్బారావు గారు అలవాటుగా రెండు చేతులూ జోడించారు.

పాస్‌వర్డ్ ఓనరు పేరేనని శ్రీను కూడా అన్నాడు. మేం కొట్టిన అక్షరాలు ఒక్కొక్కటీ చెప్పాను. అతను మధ్యలోనే ఆపాడు.

“అదేంటండీ, గారు పెట్టకుండానా? జీతమిచ్చే మనిషిని ఉత్త పేరుతో ఎలా కొడతానండీ?”

రంగరాజుగారు అని కొట్టగానే కలిసింది. రిపోర్టు వెళ్లింది, వల దిగింది. మిగిలిన ఐస్ సరిపోయిందని సాయంత్రం సత్యం గారు కబురు పంపారు.

పాస్‌వర్డ్ పోతే ముందు అది పెట్టిన మనిషికి ఫోన్ చేయాలి. మనిషి దొరక్కపోతే అతను ఎలా మాట్లాడేవాడో గుర్తు తెచ్చుకుని, అలాగే కొట్టాలి.